కిటికీలు సర్దేవాడు

సెకండియర్ రెండో సెమిస్టర్ మొదట్లో నాన్నకి ఫోన్ చేసి, "ఈ ల్యాప్‌టాప్ ఇంక పనికిరాదు నాన్నా, కొత్తది కావాలి" అని చెప్పేశాను. ఎంతవుతుందన్నాడు. 40 వేలన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మిరపకాయ యార్డుకి వేశాక చూద్దాంలే రా" అన్నాడు.

నాది బాబాయి వాడి ఇచ్చేసిన ల్యాప్‌టాప్. 2 జీబీ ర్యామ్. ల్యాబ్‌లో చూసి అందులో ఉబుంటు వేసుకున్నాను. లాగిన్ అయ్యి ఏమీ తెరవకముందే సగానికి పైగా మెమరీ అయిపోయేది. ఎడిటర్, బ్రౌజర్ రెండూ తెరిస్తే మౌస్ కూడా ఆలోచించి ఆలోచించి కదిలేది.

పక్క రూమ్ సీనియర్ అన్న ఒకరోజు అది చూసి నవ్వాడు. "మెషీన్ బాగానే ఉందిరా. దాని నెత్తిన ఎంత బరువు పెట్టావో చూడు" అన్నాడు. ఆ రాత్రి నా చేత ఒక పని చేయించాడు. డెస్క్‌టాప్ ఏదీ రాకుండా, ఎక్స్ సర్వర్‌ని, దాంతోపాటు ఒక్క టెర్మినల్‌ని మాత్రమే స్టార్ట్ చేయమన్నాడు.

నల్లటి తెర వచ్చింది. ఎడమవైపు పై మూలన టెర్మినల్. టైటిల్ బార్ లేదు, మూసే గుర్తు లేదు, పట్టుకుని లాగుదామంటే పట్టు లేదు. ఎక్స్‌క్లాక్ అని కొడితే గడియారం వచ్చి సరిగ్గా ఆ టెర్మినల్ నెత్తినే కూర్చుంది. మౌస్ ఏ కిటికీ మీదుంటే, టైప్ చేసింది దానికే పోతోంది.

"ఇప్పుడు నీ దగ్గర లేనిదే విండో మేనేజర్" అన్నాడు అన్న.

ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది. తెర మీద గీయడం, కీబోర్డు, మౌస్ సంగతి చూడటం సర్వర్ పని. కిటికీ ఎక్కడ కూర్చోవాలి, దానికి చట్రం ఎలా ఉండాలి, ఏది ముందుకు రావాలి అన్నవి మాత్రం వేరే ప్రోగ్రామ్‌కి వదిలేశారు. అందుకే ఒకటి నచ్చకపోతే ఇంకొకటి పెట్టుకోవచ్చు: ఐస్‌డబ్ల్యూఎం, ఫ్లక్స్‌బాక్స్, ఐ3 లాంటివి బోలెడున్నాయి. డీడబ్ల్యూఎం రాసినవాళ్లయితే కోడ్ 2000 లైన్లు దాటకూడదని గీత గీసుకున్నారు. నేను వాడుతున్న గ్నోమ్‌లో ఆ పని మటర్ చేస్తుంది, కానీ దాని వెంట ప్యానెల్, సెర్చ్, నోటిఫికేషన్లు, ఇంకా బోలెడు సర్వీసులు ఊరేగింపుగా వస్తాయి. (వేల్యాండ్‌లో సర్వర్ పనీ, సర్దే పనీ ఒకే ప్రోగ్రామ్ చేస్తుంది, అది వేరే కథ.)

ఐస్‌డబ్ల్యూఎం పెట్టాను. లాగిన్ అయ్యాక మెమరీ 300 ఎంబీ దగ్గర ఆగింది! చూడ్డానికి మాత్రం పాతకాలం విండోస్‌లా ఉంది, రూమ్మేట్స్ ఒకటే నవ్వు. వైఫై గుర్తు లేదు, బ్రైట్‌నెస్ బటన్ పనిచేయలేదు. ఒక్కొక్కటీ నేనే వెతికి పెట్టుకోవాల్సొచ్చింది, వారం పట్టింది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఇప్పటికీ ఆయాసపడుతుంది. విండో మేనేజర్ మారిస్తే బ్రౌజర్ ఆకలి తగ్గదు కదా. కానీ నా డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్, మినీ ప్రాజెక్ట్ రెండూ దాని మీదే అయ్యాయి.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, "ఇప్పుడు వద్దులే నాన్నా, ఇదే నడుస్తోంది."

"బాగు చేయించావా? ఎంత తీసుకున్నారు?"

"ఎవరూ ఏమీ తీసుకోలేదు. లోపల కిటికీలు సర్దేవాణ్ణి మార్చానంతే."

అర్థమైనట్టు లేదు. కాసేపాగి, "మరి ఆ రోజు 40 వేలు కావాలన్నావు కదరా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. జూనియర్లూ, ఇంటికి ఫోన్ చేసే ముందు ఒక్క రాత్రి ఆ నల్లటి తెర చూడండి.