మంచులో నాటకశాల

కూడు, గుడ్డ, గూడు ఉంటే మనిషికి చాలునా? అంటార్కిటికాలో హట్ పాయింట్ దగ్గరి చెక్క ఇంటి చరిత్ర చదివినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను వదలదు. 1902లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం దాన్ని కట్టింది. ఆస్ట్రేలియా నుంచి విడిభాగాలుగా తెచ్చిన ఆ ఇల్లు, వరండాలతో సహా, ఎండ దేశపు కట్టడం. ధ్రువపు చలిని ఆపలేకపోయింది. బృందం తాము వచ్చిన డిస్కవరీ ఓడలోనే మకాం పెట్టింది. సూర్యుడు కనిపించని ఆ శీతకాలంలో నావికులు ఖాళీ ఇంట్లో వేదిక కట్టి, వేషాలు వేసి, నాటకాలాడారు. రాయల్ టెర్రర్ థియేటర్ అని పేరూ పెట్టుకున్నారు. తర్వాత 1916లో, మరో యాత్రకు చెందిన, చిక్కుకుపోయిన రాస్ సముద్ర దళం అక్కడే తలదాచుకుంది. నెలల చీకటిని దాటాలంటే తిండితోపాటు నవ్వూ కావాలి. అందుకే ఊరు కట్టినా, కార్ఖానా కట్టినా, నలుగురూ కూడి ఆడిపాడే చోటును మొదటి ప్లానులోనే గీయాలంటాను.