బ్యాటరీ బండి మీద ధనుష్కోటికి

"రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలలేద"ని మనవాళ్ళంటారు. నాకు మాత్రం ఆ శనేశ్వరుడు బ్యాటరీ రూపంలో దర్శనమిచ్చాడు.

వేసవి సెలవుల్లో మా అమ్మను, మా ఆవిడను వెంటబెట్టుకుని రామేశ్వరం వెళ్ళాను. మొదటి రోజంతా గుడితోనే సరిపోయింది. అగ్నితీర్థంలో మునిగి, తడిబట్టలతో గుడిలోని 22 తీర్థాల నీళ్ళూ నెత్తిన పోయించుకుని, ఎంత నడిచినా తరగని ఆ మంటపాల చుట్టూ తిరిగి వచ్చేసరికి, డెబ్భయ్యారేళ్ళ మా అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. మర్నాడు సత్రంలో మంచం దిగలేదు.

"నా వల్ల కాదురా. మీరిద్దరూ ధనుష్కోటి వెళ్ళి కాస్త ఇసుక తీసుకురండి. అక్కడ స్టేషన్ ఎలా వుందో కూడా చూసి రా. నాన్న అక్కడ కాఫీ తాగారు" అంది.

ఆ కాఫీ మా ఇంట్లో పాత కథ. మా తాతగారు 1963లో రైల్లో ధనుష్కోటి వెళ్ళి సేతుస్నానం చేసి, పిడికెడు ఇసుక మూటగట్టి తెచ్చారు. ఆ ఇసుక గంగలో కలిపి, గంగనీళ్ళు తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తేనే కాశీ రామేశ్వర యాత్ర పూర్తయినట్టు. మరుసటి ఏడు డిసెంబరులో ఒకనాడు పేపరు చూసి ఆయన భోజనానికి లేవలేదట. కాశీ ప్రయాణం ఏదో ఒక అడ్డంకితో వెనకబడుతూ వచ్చి, చివరికి ఆయనతోనే పోయింది. ఇసుక మూట ఏమైందో ఎవరికీ తెలియదు.

సత్రం పక్క సందులో ఒక కుర్రాడు బ్యాటరీ బండ్లు అద్దెకిస్తున్నాడు. "ఫుల్ చార్జి సార్! అరవై కిలోమీటర్లు గ్యారంటీ" అన్నాడు తెలుగులోనే. యాత్రికుల్లో మనవాళ్ళు అంతమంది మరి.

బండి కదిలిందో లేదో తెలియలేదు. చప్పుడు లేదు, పొగ లేదు. గుడి చుట్టూ వున్న నాలుగు వీధులూ ఆవులను తప్పించుకుంటూ తిరిగాం. మసీదు వీధిలో అబ్దుల్ కలాంగారి ఇల్లు చూశాం. యుద్ధకాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, ధనుష్కోటి దారిలో కదిలే రైల్లోంచి విసిరిన పేపరు కట్టలను అందుకున్న కుర్రవాడాయన. గంధమాదన పర్వతమూ ఎక్కాం. పేరుకు పర్వతమేగాని, దిబ్బ. అయినా పైనుంచి చూస్తే దీవి ఒక్క చూపులో ఇమిడిపోతుంది. పడమటివైపు పాంబన్ వారధులు. 1914 నాటి పాత రైలు వంతెన పని 2022 డిసెంబరుతో ముగిసింది. పక్కనే కొత్తది 2025 ఏప్రిల్‌లో మొదలైంది. తూర్పువైపు మేము వెళ్ళవలసిన సన్నటి ఇసుక పట్టీ.

కోదండరామాలయం దాటాక ఇళ్ళు లేవు. విభీషణుడు శరణుజొచ్చిన చోటని చెబుతారు. అక్కడినుంచి ముందుకు వెళ్ళేకొద్దీ రోడ్డుకు రెండువైపులా సముద్రమే. మోటారు చప్పుడు లేదు కాబట్టి రెండు సముద్రాలూ వేరువేరుగా వినిపించాయి. ఎడమచేతి వైపు బంగాళాఖాతం, చెరువులా పడుకుని వుంది. కుడిచేతి వైపు మన్నారు సింధుశాఖ, వొడ్డును బాదుతోంది. అక్కడివాళ్ళు ఒకదాన్ని ఆడ సముద్రమనీ, ఇంకోదాన్ని మగ సముద్రమనీ అంటారట. మా ఆవిడతో అంటే, "చూస్తేనే తెలియడంలేదూ!" అంది. నేను మాట మార్చాను.

ధనుష్కోటి శిథిలాల దగ్గర బండి ఆపాం. ఒకప్పుడిది స్టేషనూ, తపాలాఫీసూ, కస్టమ్సూ వున్న వూరు. మద్రాసులో బోట్ మెయిలెక్కినవాళ్ళు ఇక్కడ దిగి, పడవలో తలైమన్నారు చేరి, మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవారు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో అంతా కొట్టుకుపోయింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు బండి వూరు చేరబోతూ అలలో మునిగింది. వందమందికి పైగా ప్రయాణికులు. ఒక్కరూ మిగల్లేదు. మనుషులు కాపురం వుండదగిన చోటు కాదని సర్కారు ప్రకటించింది. అయినా కొన్ని జాలరి కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఇక్కడే వున్నాయి.

చర్చికి గోడలున్నాయి, కప్పు లేదు. స్టేషన్‌కు అవి కూడా సగమే. తాతగారు ఏ మూల నిలబడి కాఫీ తాగారో వూహించబోయాను. ఇసుకలో మేకపిల్ల ఒకటి పడుకుని వుంది.

ఒక ముసలామె చెలమ తవ్వి ముంతతో నీళ్ళు తోడుతోంది. సముద్రం ఇరవై అడుగుల దూరంలో వుంది. మా ఆవిడ దోసిలి పట్టింది. తియ్యటి నీళ్ళు!

అక్కడినుంచి నేల అంతమయ్యే అరిచల్‌మునై దాకా వేసిన తారు రోడ్డు 2017లో తెరిచారు. అంతకుముందు ఇసుకలో జీపులే గతి. చివర కూచుని నేను ఇసుక మూటగట్టాను. లేచి బండి మీటరు చూస్తే, నూటికి ముప్పయ్యెనిమిది! సత్రం ఇరవై కిలోమీటర్ల పైమాట. పొద్దు వాలుతోంది. చీకటిపడ్డాక ఆ దారిలో ఎవరినీ వుండనివ్వరు.

"అరవై గ్యారంటీ అన్నాడుగా?" అంది మా ఆవిడ.

"ఒక్కరికేమో" అన్నాను. ఆ మాట అనకుండా వుండవలసింది.

సైకిలు వేగంతో నడిపాను. గాలి ఇసుకను రోడ్డుమీదికి తోసిన చోటల్లా ఆవిడ దిగి నడిచింది. కోదండరామాలయం దగ్గర పందొమ్మిది. వూరి దీపాలు కనబడ్డప్పుడు ఆరు. గుడి గోపురం కనిపించాక బండి ఒక్క మూలుగైనా లేకుండా ఆగిపోయింది. చివరి కిలోమీటరు ఇద్దరం తోసుకుంటూ వచ్చాం. అద్దె కుర్రాడు చేతిలో డబ్బు పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాను.

అమ్మ మెలకువగానే వుంది.

"స్టేషన్ వుందా?"

"వుందమ్మా. కొన్ని గోడలున్నాయి."

కాసేపు మాట్లాడలేదు. ఇసుక మూట విప్పి వేళ్ళతో తడిమి, తన పసుపు సంచిలో పెట్టి ముడివేసింది.

"కాశీకి టిక్కెట్లు ఎప్పుడు తీస్తావు?" అంది.