ఉన్నదాంతో వండినవి

2023 జూలై 30, ఆదివారం

మదనపల్లె మార్కెట్లో మేలు రకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపుల్లో పలికిందట. మా ఆయన ఫోన్లో చూసి చదివితే, బియ్యం ఏరుతున్న అత్త చేటలోంచి తల ఎత్తలేదు. "ఎండాకాలంలో అడిగేవాడు లేక ఆవులకేసినారే, ఆ కాయేనా?" అంది.

ఆ కాయే. వాయల్పాడు, గుర్రంకొండ, కలికిరి, అంగళ్ళు, ఎటు పోయినా కట్టెలు పాతి తీగ కట్టిన టమోటా తోటలే. అయినా ఈ వారం మా వీధిలో టమోటా వేసి కూర చేసిన ఇల్లు లేదు. తోట ఉన్నవాళ్ళు మరీ గట్టివాళ్ళయ్యారు. బాగున్న కాయంతా క్రేట్లకెత్తి, పగిలిందీ చితికిందీ ఇంటికి తెచ్చుకుంటున్నారు.

అత్తకు దిగులేమీ లేదు. చింతపండు జాడీ కిందికి దించింది. రెండు వంకాయలకు నూనె పూసి మంట మీద పెట్టింది. తొక్క నల్లబడి పగిలి, లోపలి నుంచి చిన్నగా బుస్సుమని ఆవిరి వచ్చేదాకా తిప్పుతూ కాల్చింది. చల్లారాక ఒలిచి, చింతపండు రసంలో వేసి చేత్తోనే పిసికింది. కాల్చిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమిరి, ఉప్పు, రవ్వంత బెల్లం. పచ్చిపులుసు అయిపోయింది. ఇంట్లో టమోటా లేదన్న సంగతి తినేటప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు.

రాత్రి నీరుగట్టువారిపల్లె మాస్టర్ వీవర్ ఫోన్ చేశాడు. కంచి చీరల ఫోటోలు పంపినానన్నాడు, అట్లాంటి అంచులు గీసియ్యమన్నాడు. పెట్టేసే ముందు ఇంకో మాట. "పట్టు రెండు రంగుల్లో మిగిలిపోయి ఉండాది తల్లీ. ఒకటి మట్టి రంగు, ఒకటి లేత పచ్చ. ఆర్డరిచ్చినాయన వద్దని పోయినాడు. దేంట్లోనన్నా కలిపెయ్యి."

కంచి ఫోటోలన్నీ చూశాను. బాగున్నాయి. బాగున్నవాటిని మళ్ళీ గీసేదేముంది? పడుకున్నాక కూడా ఆ మిగులు పట్టు గురించే ఆలోచన.

2023 సెప్టెంబర్ 12, మంగళవారం

ధర దిగిపోయింది. మొన్న పక్కింటి రెడ్డమ్మ బుట్టెడు కాయలు అరుగు మీద పెట్టి, "కోసిన కూలి కూడా వచ్చేటట్టు లేదక్కా, పచ్చడన్నా పెట్టుకోండి" అని చెప్పి పోయింది. జూలైలో ఇదే ఇంటివాళ్ళు కాయను లెక్కబెట్టి అమ్మారు. ఆమె గొంతులో కోపం లేదు, అలవాటు ఉంది. అదే ఎక్కువ బాధేసింది.

రోజంతా పచ్చడి పనే. కాయలు కడిగి, తుడిచి, నాలుగేసి ముక్కలు చేసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో ఊరేసినవి నిన్నటివి. ఈరోజు వాటిని పిండి మిద్దె మీద పాత పంచె మీద పరిచాం. పిండిన రసంలో చింతపండు నానేసి, ఆ గిన్నె కూడా ఎండలోనే పెట్టాం. రెండూ బాగా ఎండాక మెత్తగా నూరి, కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి తెల్లగడ్డ తిరగమోత పెడితే ఏడాది నిలువ ఉంటుంది. మళ్ళీ 200 అయిన రోజున ఈ జాడీ ఉంటుంది.

కాకులు రాకుండా కాపలా నాది. గ్రాఫు కాగితాలు పైకి తెచ్చుకుని కూర్చున్నాను. పొద్దున పరిచినప్పుడు ఒకటే ఎరుపు. మధ్యాహ్నానికి తొక్క వైపు ముదిరి, కండ వైపు నారింజకు తిరిగి, గింజలు పసుప్పచ్చగా పైకి తేలాయి. అడ్డంగా కోసిన ఒక కాయను ముందు పెట్టుకుని గీశాను. నడుమ గట్టి తెల్ల గూటం, చుట్టూ గదులు, గదికొక గింజల వరస.

మా పనిలో చిక్కంతా ఇక్కడే. గ్రాఫు మీద వంపు ఉండదు. గడి నింపాలి, లేదా వదిలెయ్యాలి. ఆ గడులను బట్టే జాకార్డు అట్టలకు బొక్కలు పడతాయి, బొక్క ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది. టమోటా గుండ్రం కూడా మెట్లు మెట్లుగానే దిగాలి. దగ్గర్నుంచి చూస్తే పళ్ళచక్రం, దూరంగా పెడితే కాయ. సాయంత్రానికి ఒక బుటా తేలింది. ఫోటో పంపితే మాస్టర్ వీవర్ అడిగాడు: "ఇదేం పువ్వు తల్లీ?"

చెప్పలేదు. చెబితే, మార్కెట్లో పారబోసే కాయను చీర మీద ఎవరు కట్టుకుంటారంటాడు.

2023 నవంబర్ 19, ఆదివారం

అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. మధ్యాహ్నం రెండు నుంచి మా ఆయన, పిల్లోడు టీవీ ముందు నుంచి లేవలేదు. మనవాళ్ళు 240కే అయిపోయినప్పుడే ఇల్లు సద్దుమణిగింది. ఆ ట్రావిస్ హెడ్ కొట్టడం మొదలుపెట్టాక మాట కూడా లేదు. అత్త లేచి, "వాళ్ళు గెలిస్తే మనం పస్తుండాల్నా? సంగటి చేస్తా, రాండి" అంది.

చేసింది నేను, చెప్పింది ఆమె. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయాలి. అప్పుడే కలపకూడదు. సంగటికట్టెతో కుప్ప నడుమ బొక్క పెట్టి, మూతేసి, సెగ తగ్గించాలి. ఎసరు ఆ బొక్కలోంచి ఉబికి వచ్చి పిండిని తనే తడుపుకుంటుంది. పచ్చివాసన పోయిందాకా ఆగాలి. ఆ తర్వాత గిన్నె దించి, కదలకుండా అదిమిపట్టి, బలం కొద్దీ కెలకాలి. పిండి ఉండ ఒక్కటి మిగిలినా తినేవాడి పంటికి తగులుతుంది. తడిచేత్తో ముద్ద చేసి పళ్ళెంలో పెట్టేసరికి నా భుజం పట్టేసింది. ఈ పనిని అత్త డెబ్బై దాటాక కూడా మానలేదు.

కొత్త చెనిక్కాయలు వచ్చే రోజులు కదా, ఊరిమిండి కూడా చేశాం. వేయించి పొట్టు తీసిన గింజలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు, ఉప్పు రోట్లో వేసి దంచి నూరాం. మిక్సీలో వేస్తే మరీ మెత్తనై నూనె కారుతుంది. రోట్లోనైతే పలుకు నిలుస్తుంది. వేడి ముద్దకు గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఊరిమిండి. ఓడిన సంగతి కాసేపు వెనక్కి పోయింది.

ముద్ద రంగు చూస్తూ తిన్నాను. తడిగా ఉన్నప్పుడు నల్లగా నిగనిగలాడింది. పైన ఆరేకొద్దీ ఎర్రమట్టి తేలింది. మాస్టర్ వీవర్ దగ్గర మిగిలిన పట్టుది ఈ రంగే. వెలుతురులో ఒకటి, నీడలో ఒకటి. అందుకే ఆర్డరిచ్చినాయనకు నచ్చి ఉండదు, ఇది ఏ రంగో చెప్పలేక. దాన్ని అంచుకు కాదు, ఒంటికే పడుగుగా వేస్తే?

2023 డిసెంబర్ 23, శనివారం

వైకుంఠ ఏకాదశి. పట్టాభిరాముడి గుడిలో దర్శనమయ్యాక తరిగొండకు పోయి వచ్చాం. అన్నం తినని రోజు. గోధుమరవ్వ ఉప్మా, అరటిపండ్లు, పాలు. ఉపవాసమని పేరు గానీ మామూలు రోజు కంటే ఎక్కువే తిన్నాం.

తరిగొండ నరసింహస్వామి స్థలపురాణం అత్తకు ఇష్టం. ఒకావిడ పెరుగు చిలుకుతుంటే కవ్వానికి ఏదో తగిలిందట. చూస్తే స్వామి. "తపస్సు చేసేవాళ్ళకు కాదు, మజ్జిగ చేసుకునేదానికి దొరికినాడు" అని ఎప్పుడూ అనేదే ఈరోజు కూడా అంది. దేవుణ్ణి ఆవిడ వెతుక్కోలేదన్నది ఆమెకు అన్నిటికంటే నచ్చిన భాగం.

కవయిత్రి వెంగమాంబ 1730లో పుట్టింది ఈ ఊళ్ళోనే. చిన్నప్పుడే భర్త పోతే, జుట్టు తీయించుకోనని లోకానికి ఎదురు నిలిచింది. తిరుమల చేరి, అక్కడే వేంకటాచల మాహాత్మ్యం రాసి, 1817 దాకా బతికింది. రాత్రి ఏకాంత సేవలో ముత్యాలహారతి ఆమెదే. కొండ మీద నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న మొదలైంది. 2011 నుంచి ఆ వడ్డన జరిగే పెద్ద భవనానికి ఆమె పేరే. ఇన్ని పద్యాలు రాసిన మనిషిని అత్యధికులు తలుచుకునేది అన్నం దగ్గర. దీన్ని చిన్నతనంగా భావించే కవులుంటారేమో గానీ, ఆవిడ అట్లా అనుకోదనిపిస్తుంది.

2024 జనవరి 7, ఆదివారం

పితికిపప్పు దినం. మంచు పడితే గానీ అనపకాయకు అసలు వాసన రాదు. ఈ పక్షం రోజులుగా పొద్దున ఎనిమిదైనా వీధి చివర కనబడటం లేదు కాబట్టి, సంతలో బుట్ట దగ్గరికి పోకముందే వాసన తగులుతోంది. నిన్న ఒలిచి నానేసిన గింజలను ఈరోజు అరుగు మీద కూర్చుని పితికాం. నేను, అత్త, రెడ్డమ్మ, ఎదురింటికి కుప్పం నుంచి వచ్చిన కొత్త కోడలు.

నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒత్తితే, పొట్టు వేళ్ళకు అంటుకుని పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పడ్డప్పుడు టక్కుమంటుంది. గట్టిగా ఒత్తితే గిన్నె దాటి పోతుంది, మెల్లగా ఒత్తితే పొట్టు వీడదు. గంట తర్వాత వేళ్ళ కొసలు ముడతలు పడతాయి, గిన్నె మాత్రం సగమే నిండుతుంది. మిషన్ మీద చేసే పని కాదిది, ఒక్కరు కూర్చుని చేసే పని కూడా కాదు. అందుకే ఊరి కబుర్లన్నీ ఈ నెలలోనే తెలుస్తాయి.

మసాలా దగ్గర తగువు. ధనియాలు, ఎండుకొబ్బరి, చెక్క, లవంగం, అల్లం, తెల్లగడ్డ. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. "మా అమ్మోళ్ళింట్లో రవ్వంత సోంపు కూడా వేస్తారు పెద్దమ్మా" అని కుప్పం పిల్ల అంటే, అత్త కళ్ళెగరేసి, "ఎయ్యి, చూద్దాం" అంది. బాగుంది. ఒప్పుకోలేదు గానీ రెండోసారి వడ్డించుకుంది.

కొత్తది కావాలని మాస్టర్ వీవర్ నన్ను అడుగుతాడు. అత్తను ఎవరూ కొత్తది అడగరు. ఈరోజు ఏం కొత్తగా చేద్దామా అని ఆమె కూర్చుని ఆలోచించింది నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంట్లోకి ఏం వచ్చిందో చూస్తుంది, ఎంత ఉందో చూస్తుంది, ఎంతమంది తింటారో అడుగుతుంది. ఆ మూడింటికి జవాబే ఆమె వంట. మంచులో అనపకాయ, ఎండల్లో చింతచిగురు, టమోటా ధర మండినప్పుడు పచ్చిపులుసు. ఏడాదంతా చూస్తే ఏ రెండు వారాలూ ఒకటి కావు.

గిన్నెలోని పప్పు రంగే ఆ రెండో పట్టుది. మట్టి రంగు పడుగు, ఈ లేత పచ్చ పేక. రెండు రంగులు ఒకదాని మీద ఒకటి దాటితే డబుల్ షేడ్ వస్తుంది. పరిచి చూస్తే మట్టి, మడత పడ్డచోట పచ్చ. ఆ మెరుపుకు బుటాలు పెద్దగా అక్కర్లేదు. టమోటా బుటా చిన్నది చేసి దూరదూరంగా వేస్తే చాలు. రాత్రే గ్రాఫు పూర్తిచేశాను.

2024 జనవరి 16, మంగళవారం

కనుమ. మాకిది పసువుల పండగ. పొద్దున్నుంచి ఆవులకు కడగడం, కొమ్ములకు రంగు, మెడలో బెలూన్లు, బొరుగుల దండలు. ఊరి బయట కాటమరాజుకు పొంగలి పెట్టారు. చీకటి పడే వేళకు చిట్లాకుప్ప అంటించి ఆ మంట పక్కనుంచి ఆవుల్ని తోలారు. పిల్లోళ్ళు వెనక అరుస్తూ పరుగు. ఇంట్లో మణుగుబూలు, నిప్పట్లు, అత్తిరాసాల డబ్బాలు సగం ఖాళీ.

రెండు రోజులుగా అందరి ఫోన్లలో ఒకటే బొమ్మ. సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి పుంగనూరు ఆవులకు మేత పెడుతున్నారు. మూడడుగులకు అటూఇటూ ఎత్తు, కానీ మామూలు ఆవుపాలలో మూడు నాలుగు శాతం ఉండే వెన్న వీటి పాలలో ఎనిమిది దాకా ఉంటుందంటారు. ఈ జాతి పూర్తిగా పోకుండా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం కాపాడుకొస్తోంది. అత్త ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. "మా నాయన దొడ్లో ఉన్నింది ఇట్లాంటిది. గడ్డి తక్కువ తిని నెయ్యి ఎక్కువిచ్చేది. అప్పుడు దాన్ని ఎవురూ ఫోటో తీయలేదు" అంది.

2024 ఫిబ్రవరి 28, బుధవారం

చీర చూడటానికి మదనపల్లె పోయాను. బస్సు దిగి బీటీ కాలేజీ మీదుగా నడిచాను. 1919లో ఇదే తేదీన, ఇక్కడ అతిథిగా ఉన్న రవీంద్రుడు జనగణమనకు తన ఇంగ్లీషు అనువాదం రాశాడు. పాట పాతదే, 1911 డిసెంబర్‌లోనే కలకత్తా కాంగ్రెస్‌లో పాడారు. ఇక్కడి పిల్లలకు ఆయన బెంగాలీలో పాడి వినిపించాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం తెలిసినావిడ, కూర్చుని స్వరాలు రాసిపెట్టింది. పాడగలిగిన అతిథి ఉన్నాడు, రాయగలిగిన మనిషి ఉంది, వినే పిల్లలున్నారు. ఆ పూటకు ఉన్నదాంతో అయిన పనే అదీ.

నీరుగట్టువారిపల్లెలో చీర విప్పి చూపించారు. గుమ్మం దగ్గరికి తెస్తే మట్టి రంగు ఎర్రబడింది, మడత తిప్పితే పచ్చ లేచింది. మగ్గం మీద నేసినాయన తన పాటికి తాను, "ఇది కట్టుకున్నామె నడిస్తేనే తెలుస్తుంది" అన్నాడు. తెచ్చిన క్యారియర్ విప్పి వాళ్ళింట్లోనే తిన్నాం. పుల్లగూర, అన్నం, సెప్టెంబర్ టమోటా పచ్చడి. జాడీలో ఇంకా సగం ఉంది.

చీర ఒక్కటే. అప్పటికే ఇద్దరు అడిగారట. ఇంకా కొన్ని నేయాలంటే ఆ మట్టి రంగు మళ్ళీ అద్దించాలి, అదే రంగు తేలుతుందో లేదోనని మాస్టర్ వీవర్ దిగులు.

"రాకపోతే, వచ్చిన రంగుకే ఇంకోటి గీస్తాను" అన్నాను.

ఆయనకు నమ్మకం కుదరలేదు గానీ అడ్వాన్సు మాత్రం ఇచ్చాడు. వచ్చేటప్పుడు పుంగనూరు కొత్త చింతపండు తెచ్చాను. ఉగాది లోపు గింజ తీసి జాడీలకెత్తాలి.