పోటు వేళ మడ అడవిలోకి

పామర్రు దాటి చల్లపల్లి రోడ్డున పడితే కూచిపూడి వస్తుంది. పొద్దున్నే ఎక్కడో పిల్లలు సాధన చేస్తున్నట్టున్నారు, తట్టుకర్ర చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. సిద్ధేంద్ర యోగి ఊరి గురించి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. మేం పోవాల్సింది ఇంకా దిగువకి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి. వెంట నా మేనల్లుడున్నాడు. మిన్నెసోటాలో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చాడు.

వరి కోసేసిన చేలల్లో మాగాణి మినుము పచ్చగా అలుముకుని ఉంది. మోపిదేవిలో స్వామి దర్శనం చేసుకుని, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరేసరికి పొలాల వాలకం మారిపోయింది. మినుము పోయి చెరువులు వచ్చాయి. చెరువు చెరువుకీ ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. అన్నీ రొయ్యలే.

దారి పొడుగునా మావాడు వాళ్ల రాష్ట్రంలోని మార్సెల్ ప్రయోగ అడవి కబుర్లే చెప్పాడు. అక్కడుండేది చలిదేశపు బురదనేల, పీట్ అంటారు. స్ఫాగ్నం అనే నాచు ఏటా చస్తుంది కానీ పూర్తిగా కుళ్లదు. చల్లటి నీళ్లలో గాలి ఆడక వేల ఏళ్లుగా పొర మీద పొరగా పేరుకుంటుంది. ఇలాంటి నేలలు ప్రపంచ భూభాగంలో మూడు శాతమే అయినా, నేలలో దాగిన కార్బన్‌లో దాదాపు మూడో వంతు వీటిలోనే ఉందట. ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్లు ఆ బురద మీద పైకప్పు లేని, పారదర్శకమైన గోడల గదులు కట్టి, 2015 నుంచి లోపలి గాలినీ నేలనీ వేడి చేస్తూ వచ్చారు. అన్నిటికన్నా వేడి గదిలో 9 డిగ్రీలు అదనం.

"ఏమైంది మరి?" అన్నాను.

"నాచు ఎండిపోయింది మావయ్యా. పొదలు మాత్రం ఏపుగా పెరిగాయి. పైకి చూస్తే పచ్చగానే ఉంటుంది, కింద నేల కార్బన్ వదిలేస్తోంది. పోగైనప్పటి వేగం కంటే ఎన్నో రెట్లు వేగంగా."

ఆవకాయ జాడీలో నూనె పైకి తేలి ఉన్నంత కాలం ముక్క చెడదు. అక్కడ చలీ నీళ్లూ కలిసి ఆ నూనె పని చేస్తున్నాయన్నమాట.

అటవీశాఖ అనుమతి తీసుకుని పోటు కోసం కూర్చున్నాం. పాటు మీద వెళ్తే కాలవల్లో పడవ బురదలో కూరుకుపోతుంది. నీళ్లు ఎక్కడం మొదలవగానే పడవాయన ఇంజన్ తిప్పాడు. నది వెడల్పు తగ్గి పాయలయింది, పాయలు కాలవలయ్యాయి. రెండు పక్కలా మడ చెట్లు దగ్గరికొచ్చాయి. ఇది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బావురుపిల్లికి పేరున్న చోటు, మాకైతే కనబడలేదు.

కొమ్మ అందిన చోట తెల్లమడ ఆకు తుంపి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పన. ఈ చెట్టు సముద్రపు నీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకుల మీదుగా చెమర్చేస్తుంది. మొదలు చుట్టూ బురదలోంచి వేలెడేసి ఊపిరి వేళ్లు వందలకొద్దీ నిక్కి ఉన్నాయి. కింద నేలలో గాలి లేదు కాబట్టి చెట్టు పైకి ముక్కు పెట్టి పీలుస్తుంది. పక్కనున్న మరో చెట్టు మీద మావాడు చెయ్యి వేయబోతే పడవాయన కసిరాడు.

"అది తిల్ల బాబూ, ముట్టుకోమాక! దాని పాలు కంట్లో పడితే చూపు పోద్ది."

తెడ్డుతో బురద కెలికితే కుళ్లిన గుడ్డు కంపు. ముక్కు మూసుకున్నాం గానీ అది శుభవార్తే. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఉంటుంది. దాన్ని వాడుకునే సూక్ష్మజీవులు అక్కడ పైచేయిగా ఉండి ఆ వాసన పుట్టిస్తాయి, మీథేన్ చేసే వాటిని ఎదగనివ్వవు. మంచినీటి పీట్ నేలకి ఈ సౌకర్యం లేదు, కార్బన్ దాచుకుంటూనే మీథేన్ వదులుతుంది. ఉప్పు బురద ఆ లెక్కన మేలు.

అయితే ఇక్కడి ముప్పు వేరు. ప్రపంచ సముద్రమట్టం 2006 నుంచి 2018 దాకా ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. మడ అడవి దాంతో పాటు తనూ పైకి లేవగలదు, నది ఒండ్రు తెచ్చి పోస్తుంటే. ఏడాదికి 6 మిల్లీమీటర్లు దాటితే మాత్రం నిలదొక్కుకోవడం కష్టమని శాస్త్రవేత్తల అంచనా. మన కృష్ణ తెచ్చే ఒండ్రు సంగతి చూడండి. 1960ల చివర ఏటా 90 లక్షల టన్నులు, 2000 తర్వాతి ఏళ్లలో 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగతాదాంట్లో చాలా భాగం సాగర్, శ్రీశైలం లాంటి జలాశయాల అడుగున చేరుతోంది. 1965–2008 మధ్య కృష్ణా గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్లు కోతకు పోయింది.

ఈ లెక్కలేవీ చెప్పకుండానే పడవాయన మొగవైపు చెయ్యి చూపించాడు. "మా నాయన వలలు ఆరేసిన దిబ్బ అదిగో, ఆ అల విరిగే చోట ఉండేది."

1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అడిగితే తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. దివిసీమలో ఆ మాట ఎవరినీ రెండోసారి అడగకూడదు.

సముద్రం ముందుకొస్తే మడ వెనక్కి జరగాలి. జరగడానికి వెనక ఖాళీగా ఉన్న ఉప్పునేల, పర్రభూమి కావాలి. తిరుగుదారిలో చాలాచోట్ల చూశాం, మడ వెనకాలే రొయ్యల చెరువు గట్టు. గట్టు దాటి విత్తనం పోదు, పోటు నీళ్లూ పోవు. చెరువు తవ్వినప్పుడు పైకి తీసిన పాత బురదకి గాలి తగిలి, దాచిన కార్బన్ కాస్తా ఎగిరిపోతుంది. చలిదేశంలో వేడి చేస్తున్న పనిని ఇక్కడ పొక్లెయిన్ చేస్తోంది. చెడిన చోట్ల చేపముల్లు ఆకారంలో కాలవలు తీసి పోటు నీళ్లు పారించి మడను మళ్లీ లేపవచ్చని స్వామినాథన్ ఫౌండేషనూ మన అటవీశాఖా కృష్ణా గోదావరి డెల్టాల్లో చేసి చూపించాయి. కాలవ తవ్వడానికి నేల మిగిలితేనే అది కుదురుతుంది. కాబట్టి మొక్కలు నాటే కార్యక్రమాల కంటే ముందు, అడవికి ఆనుకుని ఉన్న పర్రభూముల్లో కొత్త చెరువులకు అనుమతులు ఆపాలి.