విగ్మోరు సంగీతశాలలో ఒక సాయంకాలము

లండను నగరమును జూడబోయినవారు రాజప్రాసాదములను, వస్తుప్రదర్శనశాలలను జూచి వత్తురు. నేను మీకొక చిన్న సంగీతశాలను గూర్చి చెప్పదలచితిని. ఆక్స్‌ఫర్డు వీథి కోలాహలమును విడచి కొంచెము ఉత్తరముగా నడచినచో విగ్మోరు వీథి వచ్చును. బెర్లిను నగరపు పియానో నిర్మాతలగు బెక్‌స్టైను వారు 1901వ సంవత్సరమున నచట ఈ శాలను దెరచిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున నిది శత్రుదేశీయుల సొత్తని స్వాధీనము చేసికొని విక్రయింపబడి, 1917లో విగ్మోరు శాల యను క్రొత్త పేరుతో మరల తెరువబడెను. ఇందు సుమారు 550 మంది మాత్రమే కూర్చుండగలరు. మెల్లగా పాడిన పాటయు కడపటి వరుసవరకు వినవచ్చును.

నేను వెళ్లిన సాయంకాలమున మొదట గాయకురాలు వేదికపైకి వచ్చెను. ఆమె వెనుక నల్లని దుస్తులు ధరించిన పియానో వాద్యకారుడు వచ్చి, తలవంచి, తన పీటపై గూర్చుండెను. అందరి చూపులును ఆమెపైననే నిలిచెను. నా చూపును అంతియే.

అప్పుడు షూబెర్టు రచించిన రాట్నపు పాట యారంభమయ్యెను. గేటె మహాకవి పదములకు 1814లో, పదునేడేండ్ల ప్రాయమున, నాతడు కూర్చిన పాట యిది. ప్రియుని దలచుకొనుచు నొక కన్య రాట్నము త్రిప్పుచున్నది. పియానోపై కుడిచేయి చక్రమువలె తిరుగుచుండును. ఎడమచేయి కాలితో ద్రొక్కు పలకవలె నాడుచుండును. ప్రియుని ముద్దు జ్ఞప్తికి రాగానే రాట్నము చటుక్కున నిలిచిపోవును. పిమ్మట తడబడుచు, ఆగుచు, మరల తిరుగసాగును. ఆ క్షణమున గాయకురాలు మౌనముగా నుండును. ఆ కన్య గుండె దిటవు చేసికొని మరల పనిలో బడుటను మనకు దెలుపునవి ప్రక్కవాద్యకారుని వ్రేళ్లే! అప్పుడు గదా నేనాతని వంక జూచితిని.

మన కచేరీలలో ఫిడేలు వాయించువారు గాయకుని మనోధర్మమును చెవితో బట్టి యనుసరింతురు. అచట స్వరములన్నియు ముందే వ్రాయబడియుండును. అయినను గాయకురాలు ఎచట ఊపిరి తీసికొనునో, ఏ మాటపై నొక్క లిప్తకాలము నిలుచునో కాగితమున లేదు. అది గ్రహించుటకు ప్రక్కవాద్యకారుడు పాటలోని మాటల యర్థమును గూడ నెరుగవలెను. ఆమె గొంతునకు శ్రుతి హెచ్చైనచో పాటనంతయు తగ్గించి వాయింపగలుగవలెను. గొంతును ముంచివేయరాదు; ఆధారము లేకుండ విడిచిపెట్టనురాదు.

ఈ విద్యకు గౌరవము తెచ్చినవారిలో ప్రముఖుడు జెరాల్డు మూరు. ఆతడు 1899లో ఇంగ్లండునందలి వాట్‌ఫర్డున జన్మించి 1987లో గతించెను. ప్రక్కవాద్యమునకు సిగ్గుపడ నక్కరలేదను భావము దోచు పేరుతో 1943లో నొక గ్రంథమును ప్రకటించెను. ప్రక్కవాద్యకారుడు గాయకునకు సేవకుడు గాడు, సహచరుడని యాతని మతము. 1967 ఫిబ్రవరి 20వ తేదీన థేమ్సు నది దక్షిణతీరమందలి రాయల్ ఫెస్టివల్ హాలులో నాతని వీడ్కోలు కచేరి జరిగెను. సుప్రసిద్ధులగు ముగ్గురు గాయకులు పాడిరి. కడపట నాతడు ఒంటరిగా, సంగీతమునకు కృతజ్ఞత దెలుపు షూబెర్టు పాటను పియానోపై వాయించెను. పాడు గొంతు లేదు. అయినను పాట యున్నది.

విగ్మోరు శాలలో కచేరి ముగియగానే గాయకురాలు చేయి చాచి తన సహచరుని ముందునకు బిలిచెను. ఇద్దరును గలసి నమస్కరించిరి. బయటి వీథిలో నడచుచుండగా నాకు మన యిండ్లు తలపునకు వచ్చినవి. ఒకరి గొంతు నిలుపుటకు ప్రక్కనుండి ఊపిరి లెక్కించువారు ప్రతి యింటను గలరు. ప్రక్కనుండుట చిన్నతనము గాదు. కాని పాట ముగిసినప్పుడు వారివంక చేయి చాచుట మరచుట మాత్రము లోపమే.