ఇంకొక్క జానెడు

వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినవాడు జారి పడ్డ దాఖలా లేదు. కిందికి రావాలంటే పాము మింగవలసిందే. చిన్నప్పటినుంచీ ఆ ఆట ఆడి ఆడి కాబోలు, నిచ్చెనంటే మనకెవరికీ భయం లేకుండా పోయింది. నిచ్చెనమీద కూడా ఒక పాము వుంటుందనీ, దాని పేరు "ఇంకొక్క జానెడు" అనీ నాకు తెలిసేసరికి నా తల నెరిసింది. మా ఆవిడ మణికట్టు విరిగింది.

మాది కాకినాడలో పాతకాలపు యిల్లు. ఎత్తయిన గోడలు, వంటింటి పక్క గదిలో పొడుగాటి అటక. ఏడాదిలో మూడువందల అరవై రోజులు దానితో మాకు పనిలేదు. తక్కిన అయిదు రోజులూ దానిమీది వస్తువు దిగకపోతే పొద్దు గడవదు. ఆవకాయ జాడీలు, ఇత్తడి గుండిగ, అన్నిటికంటె ముఖ్యంగా మా అత్తగారిచ్చిన బొమ్మల పెట్టె. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టకపోతే మా ఆవిడకు పండగ వచ్చినట్టే వుండదు.

అటక అందుకోవడానికి మాకో పద్ధతి వుండేది. ప్లాస్టిక్ కుర్చీ, దానిమీద చెక్క స్టూలు, దానిమీద మనిషి. "ఒక మడత నిచ్చెన కొనండీ" అని మా ఆవిడ మూడేళ్ళు అడిగింది. "అయిదు రోజుల భాగ్యానికి నిచ్చెనా?" అని మూడేళ్ళూ నేను అన్నాను. అది పొదుపనుకున్నాను.

2023 డిసెంబరు ఆఖరి వారం. "ఏమండీ, ఒక్కసారి వచ్చి స్టూలు పట్టుకోండి" అని కేక వేసింది. నేను పత్రికలో సీరియల్ చదువుతున్నాను. కథ మంచి పట్టులో వుంది. "ఒక్క నిమిషం" అన్నాను. ఆవిడ అప్పటికే ఎక్కేసిందని నాకు తోచలేదు. పెట్టె పిడి చేతికి జానెడు దూరంలో వుందట. జానెడేగదా అని వంగిందట. నాకు ముందు స్టూలు పడిన చప్పుడు వినబడింది. ఆ తరవాత ఆవిడ పడిన చప్పుడు.

కుడిచెయ్యి. ఆరు వారాలు పిండికట్టు. ఆ సంక్రాంతికి మా యింట్లో బొమ్మలూ లేవు, అరిసెలూ లేవు. జడ వేసుకోవడానికి రోజూ పక్కింటి పిల్లను బతిమాలుకునేది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో!

కట్టు కట్టించిన మర్నాడే వెళ్ళి అయిదు మెట్ల అల్యూమినియం నిచ్చెన కొన్నాను. అమెరికాలో ఓహయో రాష్ట్రం, డేటన్ పట్నంలో జాన్ బాల్స్లీ అనే వడ్రంగి మడత నిచ్చెనకు 1862లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. అది మా యింటికి రావడానికి నూట అరవై ఏళ్ళపైనా, ఒక మణికట్టూ పట్టాయన్నమాట. కొన్నాను గదా, యిహ భయం లేదనుకున్నాను. గొడుగు కొన్నవాడు వాన వెలిసిందనుకున్నట్టు!

ఆ వేసవిలో యింటికి రంగులు వేయించాం. మేస్త్రీ పెద్దవాడు, నిచ్చెనలమీదే జుట్టు తెల్లబడినవాడు. ఒకనాడు నేను మా నిచ్చెన ఎక్కి కర్టెన్ కడ్డీ సర్దుతూ పక్కకి వంగి చెయ్యి చాచాను. నిచ్చెన కాలొకటి నేలమీంచి లేచింది. అది నాకు తెలియలేదు, అతనికి కనబడింది.

"దిగండి బాబుగారూ!" అని వొక్క అరుపు అరిచాడు. దిగాను.

"ఎంతండీ ఆ దూరం?"

"జానెడు."

"ఆ జానెడుకోసం దిగి నిచ్చెన జరుపుకోడానికి బద్ధకం. పడేవాళ్ళంతా అక్కడే పడతారండి. మీ బొడ్డు ఈ రెండు నిలువు కడ్డీల మధ్యనే వుండాలి. బొడ్డు దాటిందా, నిచ్చెన మీ మాట వినదు."

ఆ పూట అతను చెప్పిన పాఠం నా డిగ్రీ చదువుకంటె ఎక్కువ పనికొచ్చింది. కాళ్ళు పూర్తిగా విప్పి, మధ్యనున్న అడ్డుకడ్డీలు తిన్నగా బిగిశాకనే ఎక్కాలి. నాలుగు కాళ్ళూ గట్టినేలమీద ఆనాలి. కాలికింద అట్టముక్కా యిటుకముక్కా పెట్టకూడదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముఖం నిచ్చెనవైపే. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ, లేకపోతే రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ దాన్ని అంటిపెట్టుకునే వుండాలి. అన్నిటికంటె పైనున్న పలకమీదా, దాని కింది మెట్టుమీదా నిలబడకూడదు. మడిచి గోడకి చేరవేసి ఎక్కకూడదు. దాని కాళ్ళు అందుకోసం చేసినవి కావు. తలుపు దగ్గర వేస్తే ముందు గడియ పెట్టాలి; అవతలివాడికి నువ్వున్నావని కల వస్తుందా? తడికాళ్ళతో అసలు వద్దు.

"ఇంకో సంగతండి. ఇది అల్యూమినియం. కరెంటు పనికి దీన్ని తేకండి" అన్నాడు. అంతకు ముందు వారమే దానిమీద నిలబడి, హోల్డరు ఊడదీసి చూశాను. ఆ మాట అతనితో చెప్పలేదు. ఇప్పుడు మీతో చెబుతున్నాను.

ఇప్పుడు నెలకో ఆదివారం దానికి పరీక్ష పెడతాను. కాళ్ళకున్న రబ్బరు తొడుగులు అరిగాయా, రివెట్లు వదులయ్యాయా, మెట్టు ఎక్కడైనా వంగిందా చూస్తాను. మెట్లమీద నూనె మరకగానీ, రంగు చుక్కగానీ వుంటే తుడుస్తాను. ఎండావానల్లో వదిలెయ్యకుండా లోపల మూలకి కట్టి నిలబెడతాను. అంటించిన కాగితంమీద 150 కిలోలవరకు మోస్తుందని వుంది. అందులో నా డెబ్బయ్యెనిమిది కిలోలే కాదు, చేతిలోని సామాను బరువు కూడా కలుస్తుంది. చెక్క నిచ్చెన వున్నవారికి మేస్త్రీ మాటగా వొక్క ముక్క: దానికి రంగు వెయ్యకండి. రంగు కింద చీలిక కనబడదు.

ఇహ ఆ పాత స్టూలు. కాలొకటి వదులై మూల పడి వుంది. 2025 భోగికి ముందు యిల్లు సర్దుతూ, "పనిమనిషికి యిచ్చేద్దామా?" అన్నాను, ఉదారంగా. మా ఆవిడ తన మణికట్టు నిమురుకుంటూ నాకేసి చూసింది.

"ఆవిడకు మాత్రం చేతులు లేవా?" అంది.

ఏడాదికిగాని ఆ మాట రాలేదు. అది నాకు తగలవలసిన చోటే తగిలింది. స్టూలును నేనే ముక్కలు చేసి భోగిమంటలో వేశాను. మళ్ళీ ఎవరూ ఎక్కకుండా చెయ్యడానికి అంతకంటె మార్గం లేదు.

అంతకు రెండు రోజులముందు బొమ్మలు దింపుకున్నాం. పెట్టె మొత్తం దింపడం మానేశాం. మూత పైనే తీసి, చిన్న చిన్న మూటలు కట్టి అందిస్తోంది. ఏ బొమ్మ ఎక్కడుందో ఆవిడకే తెలుసు, అంచేత ఆవిడే ఎక్కింది. నేను కింద రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాను. కొత్త పత్రిక బల్లమీద వుంది. సీరియల్ ఏ మలుపు తిరిగిందో నాకు తెలియదు.

"పార్వతీదేవి మిగిలిందండీ. ఇంకొక్క జానెడు..." అంది పైనుంచి.

"దిగు" అన్నాను.

దిగింది. నిచ్చెన జానెడు జరిపాను. మళ్ళీ ఎక్కింది. గోడగడియారం చూశాను. అరనిమిషం పట్టింది.