తుడుం మోగితే కాళ్లాగవు!

నర్సీపట్నం నుంచి గొలుగొండ మీదుగా కృష్ణదేవిపేట వెళ్లేవాళ్లు ముందు అడిగేది అల్లూరి సీతారామరాజు సమాధి ఎక్కడని. 1974లో వచ్చిన కృష్ణగారి సినిమా ఆ పేరుని ఇంటింటికీ చేర్చింది మరి! నేను మాత్రం చైత్రమాసంలో, ఆ పై ఏజెన్సీ కొండల్లో జరిగే ఇటుకల పండగ కోసం వెళ్లాను.

పండక్కి మగవాళ్లు వేటకెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఇక ఊరు ఆడవాళ్లదీ, పిల్లలదీనూ! దారికడ్డంగా కర్ర పెట్టేస్తారు. డబ్బులివ్వందే బండి కదలదు. పొద్దుగూకితే ధింసా. తుడుం, డప్పు, మోరి, కిరిడి మోగుతుంటే వెనగ్గా చేతులు పెనవేసుకుని తిరుగుతారు. వరస చివర పిల్లలు. ప్రత్యేకంగా నేర్పేవాళ్లెవరూ లేరు. పక్కవాళ్ల అడుగే పాఠం. చిన్నవాళ్లు తడబడితే తుడుం కొట్టే తాత దరువు కాస్త నెమ్మది చేశాడు. అడుగు కలవగానే మళ్లీ అందుకున్నాడు!

జపాన్‌లోనూ ఇలాంటి ఆటే ఉంది సుమండీ! వేసవిలో, గతించిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండక్కి మధ్యన మంచె కడతారు. దానిమీద తైకో డోలు, చుట్టూ నాట్యం. 1979లో అయితే పిల్లల బొమ్మల హీరో డోరెమాన్ పేరిట ఆ ఆటకో పాట కూడా వచ్చింది. కొత్త పాట, తాతలనాటి ఆట!

మనకూ సినిమా పాట వద్దనను. అదీ రానివ్వండి. కానీ పాటతోపాటు సౌండు బాక్సు వచ్చి తుడుం మూలపడితేనే చిక్కు. అడుగు తప్పిన పిల్లకోసం బాక్సు ఆగుతుందా, చెప్పండి?